తీరం, తీరిక

సూర్యలంక నుంచి తిరిగొచ్చిన మర్నాడు, సోమవారం పొద్దున, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ట్రిప్పు ఖర్చులన్నీ రాసుకునే యాప్ అది. డీజిల్, టోల్, రూములు, రొయ్యల వేపుడు, దారిలో తాగిన టీలు, అన్నీ అందులో రాశాం. అది నాలుగు భాగాలు చేసి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చింది. ఆదివారం రాత్రికే నలుగురం డబ్బులు పంపేసుకున్నాం. ఇక ఎవరూ ఎవరికీ బాకీ లేరని ఆ పొద్దున యాప్ చెప్పింది.

అప్పుడు హాయిగా అనిపించింది. స్నేహితుల మధ్య డబ్బుల పేచీ లేకుండా ఒక ప్రయాణం ముగియడం చిన్న విషయం కాదు కదా. కానీ నెల తిరిగేసరికి ఆ మాటే నన్ను తొలవడం మొదలుపెట్టింది. నిజంగానే ఎవరం ఎవరికీ ఏమీ బాకీ లేమా?

మేం నలుగురం ఘట్‌కేసర్ దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కలిసి చదివాం. ఇప్పుడు ముప్పైల్లో ఉన్నాం. ఇద్దరు ఉప్పల్‌లో, నేను నాచారంలో, ఒకడు పెళ్లయ్యాక గచ్చిబౌలిలో. వారంలో ఐదు రోజులు ఒకే నగరంలో ఉంటాం గానీ కలవం. అందుకని ఏడాదికోసారి, చలికాలంలో, ఎక్కడికో ఒక చోటికి పోవాలని పెట్టుకున్నాం. హైదరాబాద్ వాళ్లకి అందుబాటులో ఉన్న సముద్రం అంటే అందరూ చెప్పేది బాపట్ల పక్కన సూర్యలంకే. 2024 జనవరి మొదటి శుక్రవారం రాత్రి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కలిసి, ఎల్బీ నగర్ మీదుగా విజయవాడ రోడ్డెక్కాం. నార్కట్‌పల్లి దగ్గర ఆ రోడ్డు వదిలి, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేటల మీదుగా తెల్లారేసరికి బాపట్ల చేరాం. అక్కణ్ణించి సముద్రం పది కిలోమీటర్ల లోపే.

అంతకు నెల ముందే, డిసెంబర్ 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. విరిగిన కొమ్మలు అక్కడక్కడా రోడ్డు పక్కన ఇంకా పడే ఉన్నాయి. సముద్రం మాత్రం తనకేమీ తెలియనట్టు ఉంది. ఎండ కూడా ఒంటికి తగలాలా వద్దా అన్నట్టు కాస్తోంది. శనివారమంతా నీళ్లలోనే ఉన్నాం. ఒకడికి ఈత రాదు, వాణ్ణి కాళ్లు పట్టుకుని లాగాం. సాయంత్రం సరుగుడు చెట్ల కింద చాప వేసుకుని, కాలేజీలో ల్యాబ్ రికార్డు ఎవరిది ఎవరు కాపీ కొట్టారో పన్నెండో సారి చెప్పుకుని, పన్నెండో సారి నవ్వాం. నిజంగా మంచి రోజు. ఈ వ్యాసం చివర్లో కూడా ఆ మాటని వెనక్కి తీసుకోను.

ఒక రూల్ పెట్టుకున్నాం. ఈ రెండు రోజులూ ఆఫీసు మాట ఎత్తినవాడు అందరి టీలకీ డబ్బులు కట్టాలి. రూల్ నేనే ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకున్నారు. మాలో ఒకడు, ఇకమీదట 'వాడు' అంటే వాడే, అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

నాకు తెలిసిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ట్రిప్పుకి మూడు వారాల ముందు ఒక రాత్రి లింక్డిన్‌లో వాడి ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపించింది. ఉద్యోగం వెతుక్కుంటున్నానని నలుగురికీ తెలియడానికి పెట్టుకునే వలయం అది. వాడి ప్రొఫైల్ తెరిచి చూశాను. రెండు రోజుల తర్వాత చూస్తే వలయం లేదు. తీసేశాడు. ఫోన్ చేద్దామనుకున్నాను. 'చెప్పాలనుకుంటే వాడే చెప్తాడు' అనుకున్నాను. 'నాకు తెలిసిందని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు' అనుకున్నాను. అన్నీ మర్యాదైన కారణాలే. వాటి కింద ఇంకో కారణం ఉంది: ట్రిప్పు పాడవుతుందేమో.

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి ఎవరో నా కాలు పట్టి ఊపారు. వాడు. "బీచ్ దాక పోయొద్దాం, వస్తవా?" అన్నాడు. నేను దుప్పటి తల మీదికి లాక్కుని, "రిలాక్స్ అవుడానికి వచ్చినం రా, పండుకో" అన్నాను. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత తలుపు చప్పుడైంది. నేను తొమ్మిదింటికి లేచి చూస్తే గ్రూపులో వాడు పెట్టిన ఫొటో ఉంది. నీళ్లలోంచి పైకొస్తున్న సూర్యుడు, ఇసుకలో తడి తాడు. నేను ఒక గుండె బొమ్మ పెట్టాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాచారంలో, మల్లాపూర్ వైపు పోయే రోడ్డులో, ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు వాడే చెప్పాడు. డిసెంబర్ రెండో వారంలో ఉద్యోగం పోయింది. పన్నెండు నిమిషాల వీడియో కాల్. రెండు నెలల జీతం చేతికిచ్చారు. భార్యకి తెలుసు, నాన్నకి తెలియదు. రోజూ పొద్దున ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయటికొచ్చి ఏదో ఒక లైబ్రరీలో కూర్చుంటున్నాడు. ట్రిప్పు వాటా క్రెడిట్ కార్డు మీద కట్టాడు.

"మరి ఎందుకొచ్చినవ్ రా?" అన్నాను.

"రాకపోతే ఎందుకు వస్తలేవని అడుగుతరు గదా."

ఆ ఆదివారం ఏం చేశాడో కూడా చెప్పాడు. చీకట్లో ఒడ్డు వెంట నడుస్తుంటే కొందరు అలివి వల లాగుతున్నారు. పడవలో తీసుకెళ్లి సముద్రంలో దింపిన పెద్ద వలని, రెండు కొసల తాళ్లూ పట్టుకుని ఒడ్డు మీద నుంచి లాగుతారు. వీడూ ఒక తాడు పట్టుకున్నాడు. పక్కనున్న పెద్దాయన "ఏం చేస్తుంటారు బాబూ?" అని అడిగాడు. వీడు, ఎందుకో తెలియదు, "ఏం లేదు, పని పోయింది" అనేశాడు. పెద్దాయన లాగడం ఆపకుండానే, "అయితే మీకూ వేట నిషేధమేనన్నమాట" అన్నాడట. "నవ్వొచ్చింది రా. పని పోయినంక మొదటిసారి నవ్వొచ్చింది."

ఇక నేనూ దాచలేకపోయాను. ఆకుపచ్చ వలయం చూశానని చెప్పాను.

"తెల్సు," అన్నాడు. "ఎవరెవరు ప్రొఫైల్ చూసిన్రో వాడే చూపిస్తడు గదా. అందుకే ఆ రోజు నిన్ను లేపిన."

టీ చల్లారిపోయింది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

అప్పట్నుంచి నా ప్రశ్న ఇది. నలుగురు స్నేహితులు విశ్రాంతి కోసం కలిసినప్పుడు, బరువైన మాటలు తీసుకురాకూడదన్న ఒప్పందం, పైకి చెప్పినా చెప్పకపోయినా, ఉంటుంది. ఆ ఒప్పందం స్నేహంలో భాగమా, స్నేహానికి సెలవా?

ముందు వాడి వైపు నుంచి ఆలోచించాను. వాడు దాచడం తప్పా? కాంట్ 1797లో వచ్చిన 'మెటఫిజిక్స్ ఆఫ్ మోరల్స్'లో స్నేహం గురించి రాస్తూ, మంచి స్నేహితుడు తన బరువు అవతలివాడి మీద పడకుండా చూసుకుంటాడనీ, ఒక్కోసారి బరువుందన్న సంగతే దాస్తాడనీ అంటాడు. సాయం పుచ్చుకున్న క్షణం నుంచి ఇద్దరూ సమానం కారేమోనన్న భయం అందులో ఉంది. కాంట్ చల్లటి మనిషని అంటుంటారు గానీ, మా వాడి క్రెడిట్ కార్డు సంగతి ఆయనకి బాగానే అర్థమైందనిపించింది. వాటా ఎగ్గొట్టకుండా కట్టడం వాడికి డబ్బు విషయం కాదు. నలుగురిలో ఒకడిగా ఉండటం.

మరి నా మౌనం? నేనూ దాన్ని వాడి గౌరవం కోసమే పాటించానని చెప్పుకోవచ్చు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి నీతిశతకంలో మంచి మిత్రుడి లక్షణాలు చెప్పే పద్యం ఉంది. చెడు నుంచి ఆపడం, మేలు వైపు నడపడం లాంటివన్నీ చెప్తూ, రహస్యాన్ని కాపాడటం, ఆపదలో వదలకపోవడం అనే రెండిటినీ ఒకే జాబితాలో పెడతాడు. చిన్నప్పుడు ఇవి చక్కగా కలిసిపోయే గుణాలనుకున్నాను. రహస్యాన్ని కాపాడటం అంటే దాన్ని మూడోవాడికి చెప్పకపోవడం. నేనేమో ఆ రహస్యాన్ని దాని సొంతదారు దగ్గరే కాపాడాను. మొదటి గుణాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని తప్పించుకున్నాను.

ఈ చిక్కుముడి కొంత విప్పింది అరిస్టాటిల్. 'నికోమాకియన్ ఎథిక్స్' పది పుస్తకాల్లో రెండు పూర్తిగా స్నేహం మీదే. తొమ్మిదో పుస్తకంలో, స్నేహితులు మంచి రోజుల్లో ఎక్కువ అవసరమా, చెడ్డ రోజుల్లోనా అని అడుగుతాడు. ఆయన చెప్పేదాంట్లో ఒక అసమానత ఉంది. మన సంతోషానికి స్నేహితుల్ని ఇష్టంగా పిలవాలి, మన కష్టానికి పిలవడానికి మాత్రం వెనకాడాలి. అదే స్నేహితుడికి కష్టం వస్తే పిలవకుండానే వెళ్లాలి.

రెండు వైపులకీ ఒకే నియమం కాదన్నమాట. నేను అంతవరకూ దీన్ని సమీకరణంలా చూశాను: వాడు చెప్పలేదు, నేను అడగలేదు, చెల్లుకు చెల్లు. కాదు. చెప్పకపోవడం వాడి హక్కు. అడగకపోవడం నా హక్కు కాదు. పైగా వాడు ఐదున్నరకి వచ్చి కాలు ఊపాడంటే, పిలవడానికి వెనకాడే మనిషి అయినా ఒకసారి పిలిచాడు. పిలవకుండా వెళ్లాల్సినవాణ్ణి, పిలిచినా వెళ్లలేదు.

'పిలవకుండా వెళ్లడం' అంటే నాకు మా నాన్న స్నేహితులు గుర్తొస్తారు. నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వారానికి ఒక్క సెలవు. వాళ్లెవరూ ట్రిప్పులకి వెళ్లినట్టు నాకు గుర్తులేదు. ఆదివారం సాయంత్రం గల్లీ చివర అరుగు మీద కూర్చునేవాళ్లు, అంతే. కానీ ఒకరి చిట్టీకి ఒకరు జామీను సంతకం పెట్టేవాళ్లు. చేబదుళ్లు తిరుగుతూనే ఉండేవి. ఎవరు ఎవరికి ఎంతివ్వాలో పూర్తిగా తేలిన రోజు ఒక్కటీ ఉండి ఉండదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ ఫ్యాక్టరీ లాకౌట్ అయింది. రెండో నెలలో ఒక రోజు నాన్న స్నేహితుడు సైకిల్ మీద బియ్యం బస్తా తెచ్చి, "మా ఊరి నుంచి ఎక్కువొచ్చినయి" అని వరండాలో దించి వెళ్లిపోయాడు.

ఇది చెప్పి, ఆ కాలమే మంచిదని ముగించడం తేలిక. కానీ అమ్మ ఆ బస్తా గురించి ఇప్పటికీ ఇంకోలా చెప్తుంది. ఆ బస్తా దిగడం గల్లీ అంతా చూసిందట. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ పెళ్లికి కొత్త చీర కట్టుకోవాలన్నా ఆమెకి భయం వేసిందట. అందరికీ అన్నీ తెలిసిన చోట దాచుకునే హక్కు ఉండదు. యాప్‌లో లెక్క తేల్చుకునే మా పద్ధతి ఊరికే రాలేదు. ఆ గల్లీల్లో పెరిగిన పిల్లలమే ఎవరికీ తలవంచనక్కర్లేని స్నేహాన్ని కోరుకున్నాం. కోరుకున్నది దొరికింది. దాంతో పాటు, ఎవరి వరండా ఎలా ఉందో కనిపించకుండా పోయింది.

సముద్రం ఒడ్డున ఆ పెద్దాయన అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. ఆ రోజులకి ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో ఇచ్చిన భృతి పది వేల రూపాయలు. రెండు నెలలు పడవ ఒడ్డునే ఉంటుంది. దాన్ని విశ్రాంతి అనలేం. ఆదాయం లేకుండా కూర్చోవడం అది. కానీ ఒక తేడా ఉంది. నిషేధం అందరికీ ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగుస్తుంది. తీరమంతటికీ తెలుసు. అందుకే అది కష్టమే గానీ సిగ్గు కాదు. పక్కవాడితో తాడు లాగుతూ ఆ మాట అనేయొచ్చు. మా పనిలో కోత ఒక్కొక్కరికీ విడిగా, పన్నెండు నిమిషాల కాల్‌లో పడుతుంది. వందలమందికి పడినా ప్రతివాడూ తనకొక్కడికే పడిందనుకుంటాడు. పని పోవడం కంటే ఆ ఒంటరితనం ఎక్కువ బరువు. ముక్కూ మొహం తెలియని మనిషి దాన్ని ఒక్క వాక్యంతో కాస్త దించాడు. పదహారేళ్ల స్నేహితుణ్ణి నేను దుప్పట్లో ఉన్నాను.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ప్రతి సరదానీ పరామర్శగా మారిస్తే బతకలేం. కష్టంలో ఉన్నవాడికి కూడా రెండు రోజులు ఆ కష్టం పేరు వినపడని చోటు కావాలి. వాడే ఆ రోజు హోటల్లో అన్నాడు, "శనివారం నీళ్లల్ల ఉన్నప్పుడు నిజంగనే మర్చిపోయిన రా" అని. ఆ మరుపు మేం ఇచ్చిందే. నేను శనివారం పొద్దున్నే అందరి ముందూ వాడి ఉద్యోగం గురించి అడిగి ఉంటే ఆ రోజు వాడికి దక్కేది కాదు. కాబట్టి మౌనం ఎప్పుడూ తప్పని అనను. శనివారం నాటి మౌనం వాడిది, దాన్ని మేం కాపాడాం. ఆదివారం నాటి మౌనం మాత్రం నాది. వాడు దాన్ని పక్కన పెట్టాలనుకున్నప్పుడు, నేను 'రిలాక్స్' అనే మాట అడ్డం పెట్టి మళ్లీ వాడి చేతిలోనే పెట్టాను. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరి సుఖం కోసం అన్నదే తేడా.

రిలాక్స్ అనే మాటకి తెలుగులో దగ్గరి మాట ఏమిటా అని ఆలోచిస్తే 'తీరిక' తట్టింది. తీరం సంస్కృతం నుంచి వచ్చింది, తీరిక అచ్చ తెలుగు. రెంటికీ చుట్టరికం లేదు. తీరిక 'తీరు' అనే క్రియ నుంచి వచ్చింది. అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది, దాహం తీరుతుంది, తగువు తీరుతుంది. అంటే మన మాటలో తీరిక పనికి మధ్యలో దొరికే విరామం కాదు. తీరాల్సింది తీరిన తర్వాత మిగిలేది. మేం మూడు వందల కిలోమీటర్ల పైగా వెళ్లి వెతికింది విరామాన్ని. అది దొరికింది కూడా. తీరిక మాత్రం ఆ ఐదున్నరకి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

తీరాల్సినవన్నీ తీరాకే తీరిక అనుకుంటే ఎవరికీ ఎప్పటికీ దొరకదని మీరనొచ్చు. నిజమే. వాడి ఉద్యోగం నేను తెచ్చివ్వలేను. ఈఎంఐ నేను కట్టలేను, కట్టినా వాడు పుచ్చుకోడు. కానీ ఆ రోజు వాడు నా దగ్గర అడిగింది అవేవీ కాదు. ఒక నడక. నేను తీర్చగలిగిన బాకీ అంతే ఉంది, దాన్ని ఏ యాప్‌లోనూ ఎవరూ రాయలేదు.

ఆగస్టులో వాడికి ఉద్యోగం దొరికింది. పాత జీతం కంటే తక్కువే. మర్నాటి చలికాలం మళ్లీ నలుగురం సూర్యలంకకే వెళ్లాం. ఈసారి టీల రూల్ ఎవరూ ఎత్తలేదు. ఖర్చులు మాత్రం యాప్‌లోనే రాశాం, అది మంచి యాపే. ఆదివారం ఐదున్నరకి నేనే లేచి వాడి కాలు ఊపాను. తిట్టుకుంటూ లేచాడు. చలిలో ఒడ్డు వెంట చాలా దూరం నడిచాం. వల లాగేవాళ్లు ఆ రోజు లేరు. పెద్దగా చెప్పుకోవాల్సిన కష్టం కూడా ఇద్దరిలో ఎవరికీ లేదు.

"నాన్నకి చెప్పినవా, అప్పటి సంగతి?" అని అడిగాను.

"ఇంకా లేదు," అన్నాడు. కాసేపాగి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది.